సముద్రపుటాకు నడచిన దారి



నేటి ప్రసంగము జపానుదేశపు వంటయింటిలోని యొక యెండుటాకును గూర్చినది. నల్లగొండ, పాలమూరు సీమల పెద్దలు పొద్దుగూకిన వేళ అరుగులమీద గూర్చుండి వినుచు, "ఈ పంతులుగారికి మన జొన్నరొట్టె, గట్క, పచ్చిపులుసు చాలక జపానువారి వంట లేల?" అని నవ్వవచ్చును. నేనును మొదట నట్లే నవ్వితిని. ఆ నవ్వు నా కెట్లు మానినదో చెప్పుటయే నేటి నా పని.

నాయొద్ద చదువుకొన్న బాలు డొకడు పెరిగి పెద్దవాడై, ఉద్యోగముకొరకు జపానులోని ఒసాకా నగరమున కొన్నేండ్లుండెను. సెలవులకు వచ్చినపుడు గురుదక్షిణ యని యొక పొట్లము నా చేతిలో బెట్టెను. విప్పి చూడగా లోపల జానెడు వెడల్పు, మూరెడు పొడవు గల పట్టలు రెండు. నల్లనివి, బిరుసైనవి, పైని తెల్లని పిండి చల్లినట్లున్నవి. మా యింటి ముసలమ్మ వానిని ముట్టిచూచి, "ఇదేమి నాయనా! మోటతొండమునకు వేయు తోలుముక్క తెచ్చినావు?" అనెను. చూచుట కచ్చముగ నట్లే యుండెను.

అది తోలు గాదు. సముద్రమున మొలచు నాచుజాతికి జెందినది. పేరు కొంబు. మన భాషలోని కొమ్మునకును దీనికిని చుట్టరికము లేదు.

చెరువునీటిపై బచ్చగ దేలు నాచును మన మెఱుగుదుము. దానికి గుణము లేదని తీసి గట్టున బారవేయుదుము. కొంబు దానివంటిది గాదు. చల్లని సముద్రములలో నీటిక్రింది బండలను గట్టిగ బట్టుకొని, పొడవైన పట్టెలవలె పైకి లేచి యలలతో నూగుచుండును. ఒక్కొక్క పట్టె నిలువెత్తు మనిషిని మించును. కొన్ని రెండు మూడు నిలువు లుండును. దానికి మన చెట్లకున్నట్టి వేళ్ళు లేవు. బండను బట్టుకొనుటకు వేళ్ళవంటి పట్టు మాత్రమే గలదు. ఆహారమును సముద్రజలమునుండి ఆకంతటితోను గ్రహించును. జపానునకు ఉత్తరపు కొసన హొక్కైదో యను పెద్ద ద్వీపమున్నది. జపానువారి కొంబులో నూటికి 90 పాళ్ళకు పైగా ఆ ద్వీపపు తీరములలోనే దొరకును. మన బంగాళాఖాతము వెచ్చనిది, అందిది మొలవదు.

జూలై మొదలు సెప్టెంబరు వరకు దీనిని కోయుదురు. తెల్లవారుజామున చిన్న పడవలలో బోయి, పొడవైన గడల కొసలతో నాకును మెలిపెట్టి బండనుండి లాగుదురు. తీరమున గులకరాళ్ళు పరచిన కళ్ళము లుండును. మనము మిరపపండ్లను పరచినట్లు, వా రాకులను ఒకదానిమీద నొకటి పడకుండ బారులుగ బరతురు. ఒక్కపగటి యెండలోనే చాలవర కెండవలెను. నడుమ వాన పడినచో రంగు చెడి వెల తగ్గును. కళ్ళమున మిరపకాయ యుండగా మబ్బు పట్టినపుడు రైతు గుండె యెట్లుండునో మీకు నేను చెప్ప నక్కరలేదు.

ఇక వంటమాట. జపానువారి వంటకు మూలము దాషి యను నొక కట్టు. దానిలోనే వారి చారు, కూర, గోధుమసేమ్యాలు, సోయాపాల ముద్ద యన్నియు నుడుకును. ఆ కట్టునకు కొంబు ప్రాణము. చేయు విధము చెప్పెదను. పట్టను నీట వేసి కడుగరాదు. పైనున్న తెల్లని పిండి బూజు గాదు. ఆకునుండి వెలువడిన యొకవిధమైన తీపిపదార్థము. తడిగుడ్డతో నొకసారి తుడిచి, లీటరు నీటికి సుమారు 10 గ్రాముల చొప్పున చల్లనీట నానవేయుదురు. అరగంట చాలును, రాత్రియంతయు నుంచువారును గలరు. పిదప సన్నని సెగమీద బెట్టి, నీరు తెర్లుటకు ముందే పట్టను తీసివేయుదురు. తెర్లినచో జిగురును, నీచువాసనయు దిగును. కత్సువో యను చేపను పొగబెట్టి, ఎండించి, కొయ్యవలె గట్టిపరచి, చిత్రికపట్టినట్లు పలుచగ దీసిన పొరలను అందు వేసి వడగట్టుట సామాన్యపు వాడుక. చేప ముట్టని బౌద్ధమఠములలో దానికి మారుగ నెండుపుట్టగొడుగులను వేయుదురు. తీసిన పట్టను పారవేయరు. సన్నగ దరిగి, సోయాపులుసులో దగ్గరపడువరకు నుడికించి, మనము ఊరగాయను నంజుకొన్నట్లు అన్నములో నంజుకొందురు.

ఈ విధానమును విన్నపుడు నాకు మన పచ్చిపులుసు జ్ఞాపకమునకు వచ్చినది. చింతపండును నానవేసి, పిసికి, పిప్పి దీసి, ఆ నీటిలో ఉల్లి, మిరప, నువ్వులపొడి కలుపుదుము. అందు పొయ్యికి పని లేదు, నానబెట్టుటయే వంట. ఎండిన వస్తువులో దాగిన రుచిని నీళ్ళలోనికి రప్పించుట యను నీ విద్య ఇరువురికిని దెలియును.

శిష్యుడు చెప్పిన విధముననే చేసి చూచితిని. మొదటిసారి మా పెరటిబావి నీరు పోసితిని. అది పప్పుడుకని నీరు. మన సీమలో నట్టి బావులు లేని యూరు అరుదు. కట్టు చప్పగ నుండెను. "ఇంతమాత్రమునకా జపానంతయు మురియుట!" యనుకొంటిని. శిష్యునకు జెప్పగా, "అయ్యా, నీరు మార్చి చూడుడు" అనెను. మరునాడు నల్లాలో వచ్చు కృష్ణనీటిని బట్టి చేసితిని. ఈసారి వేఱుగ నుండెను. సున్నపుపాలు హెచ్చుగనున్న గట్టినీటిలో కొంబు తన సారమును విడువదు; మెత్తనినీటిలో విడుచును. క్యోతో నగరపు నీరు మెత్తనిదగుటయే యచ్చటి వంటకు పేరు వచ్చుటకు గల కారణములలో నొకటి. పప్పునకు నీరు పరీక్షయని మన స్త్రీ లెఱిగినదానినే, కొంబునకు నీరు పరీక్షయని యచ్చటివా రెఱిగిరి.

ఆ కట్టు రుచి యెట్టిదని యడిగెదరా? చెప్పుట కష్టము. పులుపు గాదు, కారము గాదు. ఉప్పన కొంచెము గలదు గాని యుప్పనయే గాదు. మ్రింగిన తరువాత నాలుకమీద నొక నిండుదనము నిలుచును. పండిన టమాటతో గాచిన చారులో పులుపు పోయిన పిదప మిగులు రుచిని దలచుకొనుడు, దానికి దగ్గర.

1908వ సంవత్సరమున టోక్యో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడైన ఇకెదా కికునాయె యనునతడు ఈ రుచి కారణమును వెదకెను. సుమారు 12 కిలోల యెండుకొంబునుండి 30 గ్రాముల పదార్థమును వేఱుపఱచి, అది గ్లుటామికామ్లమని కనుగొనెను. ఆ పదార్థము కొత్తది గాదు. 1866లోనే యొక జర్మను పండితుడు గోధుమలోనుండి తీసియుండెను. కాని యొక ప్రత్యేకపు రుచికి నదియే కారణమని చెప్పినవాడు ఇకెదా. ఆ రుచికి ఉమామి యని పేరు పెట్టెను. మరుసటి యేడు, 1909లో, అది లవణరూపమున అజినోమోటో యను పేర అంగడికి వచ్చెను. నేడు మన పట్టణములలో ఫ్రైడురైసు బండ్లవద్ద చిటికెడు చిటికెడుగ జల్లు తెల్లనిపొడి యదియే. ఇప్పుడు దానిని కొంబునుండి తీయరు. చెరకుపానకము మొదలగువానిని పులియబెట్టి చేయుదురు. అయినను దాని పుట్టినిల్లు ఈ సముద్రపుటాకే.

మనకు రసములు ఆరు. మధురము, ఆమ్లము, లవణము, కటువు, తిక్తము, కషాయము. మరి యిది యేడవదా? ఈ ప్రశ్న మనవారికి కొత్తది గాదు. చరకసంహిత సూత్రస్థానమున ఋషులు గూడి రసము లెన్నియని వాదించిన ఘట్టమొకటి గలదు. రస మొక్కటియే యని భద్రకాప్యుడు చెప్పెను. ఏడని విదేహరాజైన నిమి చెప్పెను. లెక్కకు మిక్కిలియని కాంకాయనుడు చెప్పెను. అందఱి మాటలను విని పునర్వసుడగు ఆత్రేయుడు ఆరని తీర్పు చెప్పెను. ఆ సభలో ఇకెదా యుండినయెడల నతని మాటయు వినియుందురని నా నమ్మకము. పరాయివాని నాలుక చెప్పినదానిని వినకుండ త్రోసివేయుట శాస్త్రజ్ఞుల పద్ధతి గాదు. ఇంకొకమాట. ఈ గ్లుటామికామ్లము తల్లిపాలలోను సమృద్ధిగ నున్నది. కావున నీ రుచి మన కెవరికిని పరాయిది గాదు. పేరు మాత్రమే కొత్త.

ఇంతవరకు వంట. ఇక చరిత్ర.

నన్ను ఆశ్చర్యపఱచిన విషయ మొకటి గలదు. కొంబు మొలచునది ఉత్తరమున హొక్కైదోలో గదా! కాని కొంబునకు పేరుపడిన వంటలు చాలవఱ కది మొలవని చోట్లనున్నవి. క్యోతో, ఒసాకా నగరములు దానికి దూరము. గృహస్థులు కొంబుకొఱకు చేయు ఖర్చులో చాలకాలముగ ముందు నిలిచిన తొయామ పట్టణము హొక్కైదోలోనిది గాదు. అన్నిటికంటె వింత, దక్షిణపు కొసనున్న ఒకినావా ద్వీపములు. అచ్చటి సముద్రము వెచ్చనిది. ఒక్క కొంబాకైన మొలవదు. అయినను కొంబును సన్నని పోగులుగ దరిగి, పందిమాంసముతో వేయించి, పండుగలకు దప్పక వడ్డింతురు. లేనిచోట నింత ప్రీతి యెట్లు గలిగెను? దారి వలన గలిగెను.

ఆ దారి ప్రాచీనమైనది. జపాను రాజచరిత్రలో 715వ సంవత్సరముక్రింద ఒక విషయము వ్రాయబడియున్నది. ఉత్తరపు తెగలకు జెందిన యొక నాయకుడు, తన పూర్వులు తరతరములుగ నీ కొంబును రాజునకు గప్పముగ బంపుచున్నారని విన్నవించెనట. 927లో ముగిసిన రాజశాసన గ్రంథమునందును, ఉత్తరదేశము చెల్లింపవలసిన పన్నులలో కొంబు చేరియున్నది. అనగా నది మొదట రాజులకు, దేవతలకు, మఠములకు జెందిన వస్తువు.

తరువాత నోడలు వచ్చెను. మొదట పడమటితీరపు త్సురుగా, ఒబామా రేవులలో దింపి, అచ్చటనుండి నేలదారిని, బీవా సరస్సు మీదుగను క్యోతోకు జేర్చెడివారు. 1672లో కవమురా జుయికెన్ అను వర్తకుడు పడమటితీరమును జుట్టి ఒసాకావఱకు నొక్కయోడలోనే సరకు పోవు మార్గమును గుదిర్చెను. అంతట ఉత్తరపు టోడలు ఏడాదికొక తిరుగుడుగ నడచుచుండెను. వచ్చునపుడు కొంబు, పొలములకు ఎరువుగ వేయు ఎండుచేపలు. పోవునపుడు బియ్యము, ఉప్పు, పాతబట్టలు. ఓడ యజమాని యే రేవులో నే సరకు వెల తక్కువయో కొని, ఎచ్చట నెక్కువయో అమ్ముచుండెను.

దారిలో నొక్కొక్క రేవు కొంబును తనదిగ జేసికొన్నది. త్సురుగా వర్తకులు గిడ్డంగులలో కొంబును ఏండ్లతరబడి నిలువచేసి, నీచువాసన పోయి రుచి ముదిరిన పిదప నమ్ముదురు. మనము పాతబియ్యమును, పాతచింతపండును మెచ్చినట్లు. ఒసాకా ప్రక్కనున్న సకాయి పట్టణము కత్తులకు బేరు. అచ్చటివారు పులికాపునీట మెత్తపఱచిన కొంబును కాగితముకంటె పలుచని పొరలుగ జెక్కుట నేర్చిరి. తొయామవారు పచ్చిచేపను రెండు కొంబుపట్టల నడుమ నుంచి, దాని సారమును చేపకు బట్టింతురు. ఒక్క వస్తువే; ఊరూరికి నొక్కొక్క చేతివాటము.

తొయామ కథలో నింకొక మలుపు గలదు. ఆ యూరు మందులవాండ్రకు బ్రసిద్ధి. వారు మూటలు వీపున గట్టుకొని దేశమంతయు దిరుగుచు, ఇంటింట మందులపెట్టె నొకటి యుంచి పోవుదురు. మఱుసటి యేడు వచ్చి, వాడుకొన్నదానికి మాత్రమే డబ్బు పుచ్చుకొందురు. ఉద్దెర బేరమని మనము చెప్పుకొనునదే. దక్షిణపు కొసన సత్సుమా యను సంస్థానము గలదు. అచ్చట తిరిగి యమ్ముకొనుటకు సెలవు దొరకుటకై ఈ మందులవాండ్రు సత్సుమావారికి కొంబును సమకూర్చి యిచ్చిరి. సత్సుమావారు దానిని ర్యూక్యూ రాజ్యమునకు, అనగా నేటి ఒకినావాకు, బంపిరి. 1609లో సత్సుమా ఆ రాజ్యమును జయించి తన చేతిక్రింద నుంచుకొన్నను, చైనాకు కప్పము పంపు వాడుకను మాత్రము మాన్పలేదు. ఆ కప్పపు టోడలలో కొంబు చైనాకు జేరెను. తిరుగుదారిలో మందుసరకులు వచ్చెను. వానిలో గొంత తొయామకే చేరెను. ఈ విధముగ నడుమనున్న ఒకినావాకు కొంబు అలవాటయ్యెను.

వ్యాపారపు లాభము చెప్పినవాడు దాని కన్నీటిని గూడ చెప్పవలెను. 1830 ప్రాంతమున సత్సుమాకు 50 లక్షల ర్యోల అప్పుండెను. దానినుండి బయటపడుటకు వారు చేసిన పనులలో కొంబు వ్యాపార మొకటి. దానికంటె పెద్దది అమామి ద్వీపముల చక్కెర. ఆ ద్వీపవాసులచేత బలవంతముగ చెరకు పండించి, ఒక్క తుంట దాచుకొన్నను దండించిరి. ఆ కాలమునకు నల్లచక్కెర నరకమని పేరు నిలిచిపోయినది.

ఉత్తరమున ఐను జనులు గలరు. ఆ నేల మొదట వారిదే. 1604లో ఐనులతో వ్యాపారము చేయు హక్కు మత్సుమాయె సంస్థానమునకు దక్కెను. పిదప ఆ సంస్థానమువారు తీరములను గుత్తకిచ్చిరి. గుత్తదార్లు ఐనులచేత చేపలపనిలో తక్కువ కూలికి వెట్టివలె జాకిరి చేయించిరి. 1789లో కునషిరి, మెనాషి ప్రాంతముల ఐనులు తిరుగబడిరి. 71 మంది జపానువారు చంపబడిరి. పిదప 37 మంది ఐనులకు మరణశిక్ష పడెను. ఆ మెనాషి ప్రాంతముననే రౌసు అను నూరు గలదు. నేడు జపానులో మిక్కిలి వెలగల కొంబులలో రౌసు కొంబొకటి. 1869లో ఆ ద్వీపమునకు హొక్కైదో యని పేరు మారెను. ఐనులు ఆ నేలయొక్క ఆదిమజను లని జపాను శాసనము స్పష్టముగ జెప్పుటకు 2019 వఱకు బట్టెను.

ఇక చైనావారు కొంబు నేల కొనిరో వినుడు. వంటకు మాత్రమే గాదు. సముద్రమునకు దూరమైన పర్వతసీమలలో జనులకు మెడక్రింద కంతి పెరుగును. మన వైద్యగ్రంథములు దీనిని గలగండ మనినవి. సముద్రపు నాచు దానికి మందని చైనా వైద్యులు పదునైదువందల యేండ్లకు పూర్వమే వ్రాసిరి. ఎందుకు పనిచేయుచున్నదో వారికి దెలియదు. పనిచేయుచున్నదని మాత్రము దెలియును. 1811లో ఫ్రాన్సు దేశమున బెర్నార్ కూర్త్వా యనునతడు తుపాకిమందునకు వలయు సురేకారము చేయుటకై సముద్రపు నాచు బూడిదతో బనిచేయుచుండగా, ఊదారంగు ఆవిరి లేచెను. అదియే అయొడిను. గలగండమునకు మూలము దాని కొఱతయే యని పిదప దేలినది.

ఒక మనిషికి దినమునకు వలయు అయొడిను ఎంత? గ్రామును పదిలక్షల పాళ్ళు చేసినచో అందు 150 పాళ్ళు. అనగా నొక్క గ్రాము అయొడిను ఒక మనిషికి 18 ఏండ్లు వచ్చును. ఆ రవ్వంత లేక తల్లుల కడుపులలోని బిడ్డలు మందబుద్ధులై పుట్టిన లోయలు హిమాలయముల క్రింద నుండెను. కొంబులో నిది యధికము. ఒక్క గ్రాము ఎండుటాకులోనే దినమునకు వలసినదానికి బహురెట్లుండును. కావున వైద్యు నడుగక మందువలె మింగరాదు. మితిమీరినను ఆ గ్రంథియే చెడును.

కొంబు అందని కొండలకు అయొడినును పంపుట యెట్లు? ఈ ప్రశ్నకు మన దేశమున నుత్తరము చూపినవాడు తెలుగువాడు. 1921లో శ్రీకాకుళమున జనించి, విశాఖపట్టణమున వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామిగారు. 1956 మొదలు నతడు తన సహచరులతో హిమాలయములలోని కాంగ్రా లోయలో నొక పరీక్ష నడపెను. సుమారు లక్షమంది జనులున్న ప్రాంతమును మూడు భాగములు చేసి, రెండింటికి అయొడిను కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును అందజేసిరి. కొన్నేండ్లకు మొదటి రెండు భాగములలో గలగండము బాగుగ దగ్గెను, మూడవదానిలో దగ్గలేదు. పిదప నచ్చటికిని ఆ ఉప్పే పంపిరి. 1962లో దేశమంతటికిని గలగండ నివారణ పథకము మొదలయ్యెను. నేడు మనము అంగడిలో కొను పొట్లపుటుప్పున నున్న అయొడిను ఆ పరీక్షాఫలమే. జపానువానికి కొంబు చేసిన పనిని మనకు ఉప్పు చేయుచున్నది.

అప్పుడు నేను మా వంటయింటి ఉప్పుజాడీవంక చూచితిని. సముద్రము లేని నేలకు సముద్రము వచ్చిన దారి మనకును లేదా? ఉన్నది. మఱచితిమి.

మన సీమలో కొన్నిచోట్ల ఉప్పరులు చౌడునేలనుండి ఉప్పు తీసెడివారు. మంచి ఉప్పు మాత్రము తూర్పుతీరమునుండి రావలసినదే. 1766లో ఉత్తరసర్కారులు, 1788లో గుంటూరు చేజారిన పిదప నైజాము రాజ్యమునకు తనదని చెప్పుకొన సముద్రతీరమే లేకపోయెను. మరి ఉప్పు నెవరు తెచ్చిరి? లంబాడీలు. ఎద్దుల వీపులపై గోనెలు వేసి, పోవునపుడు ధాన్యము, వచ్చునపుడు ఉప్పు. 17వ శతాబ్దమున గోల్కొండకు వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు, పదివేలు పండ్రెండువేల ఎద్దుల బిడారులను గూర్చి వ్రాసెను. మచిలీపట్నమునుండి గోల్కొండకు బోవు దారి మన నల్లగొండ సీమమీదుగనే పోవుచుండెను. ఎద్దులమంద వచ్చినచో దారి విడిచి దినమంతయు నిలువవలసివచ్చెడిదని మా తాతగారు తమ పెద్దలవలన విన్నమాటగ జెప్పెడివారు.

1889లో బెజవాడకు సికిందరాబాదునకు రైలుదారి కలిసెను. ఉప్పు రైలెక్కెను. ఎద్దులవాని పని పోయెను. అంతకుమునుపే, 1871లో, ఆంగ్లప్రభుత్వము నేరజాతుల చట్టమును జేసి, దేశమున పలుచోట్ల దిరిగి బ్రతుకు తెగలను దొంగలజాబితాలో చేర్చెను. కొన్ని ప్రాంతముల లంబాడీలు దానిక్రిందికి వచ్చిరి. 1952లో గాని యా చట్టము తొలగలేదు. తరతరములుగ మన ముద్దకు రుచి తెచ్చినవానిని చూచి తలుపు గడియ వేసికొనుట మన యూళ్ళలోను జరిగినది. ఐనుల కథను విని జపానువారిని నిందించుటకు ముందు మన గడియలను మనము తడిమి చూచుకొనవలెను.

హొక్కైదో కొంబు నేడు తగ్గుచున్నది. సముద్రము వెచ్చబడుచున్నది, కోయువారు వృద్ధులగుచున్నారు, వారి పిల్లలు పట్టణములకు బోవుచున్నారు. పాలమూరు వలసలను జూచిన మనకు నామాట వివరింప నక్కరలేదు. కాని యొక భేదము గలదు. జపానువారు తమ కొంబు నడచిన రేవుల పేర్లను, ఓడల లెక్కలను వ్రాసిపెట్టుకొనిరి. పాత రేవులలో నోడయజమానుల యిండ్లను గాపాడి పిల్లలకు జూపుచున్నారు. మన ఉప్పుదారి మజిలీ లెచ్చట? ఎద్దులు నీరుత్రాగిన కుంట యేది? బిడారు దిగిన చింతతోపు ఏది? దేవరకొండ, అచ్చంపేట ప్రాంతపు తండాలలో ఈ సంగతులు తెలిసిన ముసలివా రొకరిద్దరు మిగిలియుందురు. వారితోనే అవియు బోవును.

పెద్దలారా, మీ యూరిప్రక్క తండా యున్నచో, రేపొకనాడు పోయి అచ్చటి వృద్ధునిప్రక్కన గూర్చుండుడు. ఉప్పు ఏ దారిని వచ్చెడిదని యడుగుడు. చెప్పిన పేర్లను బడికి బోవు మనుమనిచేత వ్రాయింపుడు. ఆ కాగితము మీ యూరి చరిత్రలో మొదటి పుట కావచ్చును.

ఈ రాత్రి భోజనమున కూర్చున్నపుడు విస్తరి కొసన వడ్డించిన ఉప్పును ఒక్కసారి చూడుడు. అది మన నేలలో పుట్టలేదు. ఎవరో మోసి తెచ్చిరి.